మూడో బింగో

ఎనిమిది గంటలకి అంకెలు నేనే పిలుస్తాను.
ఈ కొండ మీద పెద్ద గొంతు నాదే.
ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల వార్డులో
రాత్రి డ్యూటీ చేసిన గొంతు.

బి, తొమ్మిది.

వల్పరైసోలో మా వీధి అంటే మెట్లే.
నూట అరవై రెండు.
నోల్బెర్తో కొడుకుని వీపున వేసుకుని ఎక్కుతాడు,
ఎనభయ్యో మెట్టు దగ్గర ఆగి
సముద్రం చూస్తున్నట్టు నటిస్తాడు.
అమారోకి పదకొండేళ్లు.
కండరాలు ఒక్కొక్కటే
చెప్పాపెట్టకుండా పని మానేసే జబ్బు.

క్లినిక్ వాళ్ల రంగుల పుస్తకం నాకూ చూపించాడు.
అందులో అందరూ నవ్వుతున్నారు,
ఒక్కరికీ ఇంటిపేరు లేదు.
ఒక సూదికి మా వీధి ఏడాది జీతం.

నేనే ఫోన్ చేశాను.
ఎంతమందికి ఇచ్చారమ్మా?
ఎంతమందికి తగ్గింది?
తగ్గనివాళ్లని ఎక్కడ రాసిపెట్టారు?
"ప్రతి రోగిదీ ఒక ప్రత్యేకమైన ప్రయాణం, మేడం,"
అంది తేనె గొంతు.
"అడ్వాన్సు కార్డు మీద కడతారా?"

మా వార్డులో ఒకసారి కొత్త మందు పరీక్షించారు.
పదిహేడు పేజీల కాగితం,
ప్రతి పేజీ తల్లికి చదివి వినిపించింది నేనే.
"పనిచేస్తుందో లేదో మాకు తెలియదమ్మా,"
అన్నాడు డాక్టరు, ఆమె మొహంలోకి చూసి.
ఆమె దగ్గర పైసా తీసుకోలేదు,
బస్సు చార్జీ కూడా ఇచ్చారు.
అదే తెలియనితనాన్ని ఇక్కడ
మిల్లీలీటరు లెక్కన అమ్ముతున్నారు.

ఎన్, ముప్పై నాలుగు.

"నర్సువి కదా, చెప్పు ఇస్మేనియా," అన్నాడు.
చెప్పాను:
నాకు తెలిసినంతలో అది పనిచెయ్యదు.
అంత చెప్తే
"తెలిసినంతలో" అన్న మాట ఒక్కటే పట్టుకున్నాడు,
జారిపోయేవాడు గట్టు మీది గడ్డి పట్టుకున్నట్టు.
గడ్డి మొలిపించింది నేనే.

గ్యాస్ బండలు వేసే వ్యాను అమ్మేశాడు.
సాసేజ్ బన్నులు అమ్మాం, రెండు బింగోలు ఆడాం.
పింఛను మీద బతికే ఎదువీఖెస్ ముసలమ్మ
నాలుగు కార్డులు కొని ఒక్కటీ ఆడకుండా వెళ్లింది.
ఆ నెల బీపీ మాత్రలు ఆమె కొన్నదో లేదో
నేను అడగలేదు.
ఆ డబ్బుతో బ్యాటరీ కుర్చీ వచ్చేది,
రాత్రిళ్లు ఊపిరి అందించే యంత్రం వచ్చేది.
అదీ నేను అనలేదు.
కుర్చీ కోసం బింగో పెడితే
ఇంతమంది వస్తారా?

పదకొండు రోజులకి తిరిగొచ్చారు.
"బొటనవేలు చూడండి!"
వీధంతా ఆ వేలి కేసి చూసింది.
కదిలింది.
చప్పట్లు. ఎవరో ఏడ్చారు.
నోల్బెర్తో ఆ రాత్రి మెట్లన్నీ
ఎక్కడా ఆగకుండా ఎక్కాడు.

మర్నాడు దువ్వుతుంటే అమారో నా చెవిలో అన్నాడు,
"అత్తా, పక్క వేలితో తోశాను.
నాన్నకి చెప్పకు."

చెప్పలేదు.
రెండో సూది అయింది.
అసలు గుణం మూడోదానితోనే కనిపిస్తుందట.
తేనె గొంతే చెప్పింది.

నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో:
ఆ అమ్మాయి అబద్ధానికి ఖరీదుంది,
పిల్లాడిది ఉచితం,
మధ్యలో నోరు మూసుకున్న నాది
ఏ లెక్కలో పడుతుంది?
రోజుకో జవాబొస్తుంది.
ఏ జవాబూ మెట్లు దిగి
నోల్బెర్తో గుమ్మం దాకా పోదు.

జి, యాభై ఎనిమిది.

ముందు వరసలో అమారో.
వాళ్ల నాన్న వాడి కోసం చిక్కుడు గింజలు పెడుతున్నాడు,
కార్డు మీద, ఒక్కో గడిలో.
ఇంకొక్క గడే ఖాళీ.
ఇక్కణ్ణుంచి నాకు కనిపిస్తోంది: ఓ, డెబ్బై ఒకటి.
ఈ రాత్రి బహుమతి మైక్రోవేవ్.
వాడికి అక్కర్లేదు, గెలవాలంతే.

సంచిలో చెయ్యి పెట్టాను.
బంతి తీశాను.
దాని మీద ఉన్నది చదువుకున్నాను.
వీధంతా నా నోటి కేసి చూస్తోంది.